జాగా మేడం

స్వెట్టర్ రెండో చేతిని ఇంకా తొడుక్కోకముందే ఆమె కుర్చీలో ముందుకు జరిగి, రోజూ మొదట కొట్టే కమాండు కొట్టింది. డిస్కులో ఏ భాగం ఎంత నిండిందో చూపించే కమాండు అది. పొద్దున్నే లేచి నీళ్ల డ్రమ్ములో చెయ్యి పెట్టి చూసుకున్నట్టు, ఆ అంకెలు చూసుకోనిదే ఆమెకు రోజు మొదలైనట్టు ఉండదు. స్కాన్లు దాచే భాగానికి ఎదురుగా ఇవాళ నూటికి నూరు కనిపించింది.

సర్వర్లున్న ఆ గది ఆసుపత్రి నేలమాళిగలో ఉంది. ఒకవైపు దుప్పట్లు ఉతికే గది, ఇంకోవైపు విరిగిన మంచాలు పడేసే గది. ఉతుకుడు గదివైపు గోడ ఎప్పుడూ వెచ్చగా, తడి సబ్బు వాసన వేస్తూ ఉంటుంది. లోపల మాత్రం మిషన్ల కోసం ఏసీ ఎముకలు కొరికేలా పెడతారు. ఎండాకాలంలో స్వెట్టర్ కొనుక్కునే మనిషి ఆ ఆసుపత్రి మొత్తానికి ఆమె ఒక్కతే. మోచేతుల దగ్గర నూలు లేచిపోయిన బూడిదరంగు స్వెట్టర్, ముడి వేసిన నెరిసిన జుట్టు, అద్దాల మీదుగా చూసే చూపు. అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఎక్స్‌రే వాళ్లు, ల్యాబ్ వాళ్లు ఫోన్ చేసేది ఒక్క మాట అడగడానికే: "మేడం, జాగా ఉందా?" అలా అడిగి అడిగి జాగా మేడం అయిపోయింది.

ఫోన్ మోగింది. స్కాన్ టెక్నీషియన్.

"మేడం, మన మిషన్ మొండికేసింది. బొమ్మ తీస్తానంటుంది గానీ దాచుకోనంటుంది."

"నిండిపోయింది బాబూ. ఇప్పుడే చూశాను."

"పాతవేవైనా తీసి పారేయండి మేడం."

"తీయదగ్గవన్నీ ఎప్పుడో తీసేశాను. ఇక తీస్తే మనుషుల రిపోర్టులే తీయాలి."

"మరెలా? ఇక్కడ కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్లకి జబ్బు తగ్గేలోపు నాకు తన్నులు ఖాయం." అని, గొంతు తగ్గించి అన్నాడు, "మీ అక్కగారిది కూడా ఇవాళే కదా. జాగా రాగానే ముందు ఆవిడనే పిలుస్తాను."

వద్దు, వరస ప్రకారమే పిలువు అనాలనుకుంది. అనలేదు.

అక్క మూడో అంతస్తులో ఉంది. కాలేయం పాడైందని చేర్చి వారం దాటింది. ఆపరేషన్ చేస్తే ఉపయోగం ఉంటుందో లేదో ఇవాళ్టి స్కాన్ చూసి చెబుతానన్నాడు పెద్ద డాక్టరు. ఆ మాట పట్టుకునే ఆమె పొద్దున అక్కకి తల దువ్వి, చిక్కులు తీసి, నున్నగా జడ వేసి మరీ కిందికి దిగింది.

"స్కాన్‌కి ఇంత జడెందుకే? వాళ్లు చూసేది లోపలి సంగతి కదా" అంది అక్క. గొంతులో బలం లేదు గానీ వెటకారం తగ్గలేదు.

"కాసేపు కూర్చుంటాను."

"నువ్వు కూర్చుంటే నా రోగం లేచిపోతుందా? పోయి పని చూసుకో. నీ మిషన్లకి నువ్వు తప్ప దిక్కెవరు?"

డిస్కులో ఇంకో భాగం ఉంది. ఎన్నో ఏళ్ల కిందటి రోగుల రిపోర్టులు అందులో ఉంటాయి. సగానికి పైగా ఖాళీ. ఆ ఖాళీని కోసి స్కాన్ల భాగానికి కలపాలి. చెప్పుకోవడానికి చిన్న పనే. రెండు గదుల మధ్య గోడ జరపడం లాంటిది. అయితే దానికో వరస ఉంది. ముందు ఈ గదిలోని సామాన్లన్నీ ఒకవైపు సర్దుకోవాలి, ఆ తర్వాతే గోడ జరపాలి. తొందరపడి గోడ ముందు జరిపితే, అటువైపున్నవన్నీ ఎవరివీ కాకుండా పోతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పక్క కుర్చీలోని సీనియర్ ఒకాయన అలాగే చేశాడు. అంత చదువుకున్న మనిషి, స్క్రీన్ వంక చూస్తూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. తర్వాత వేరే ఊళ్లో స్టేషనరీ షాపు పెట్టుకున్నాడని వింది. అప్పటినుంచి ఆమె ఏ కమాండైనా కొట్టి, చదివి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ చదివిగానీ ఎంటర్ నొక్కదు. ఇవాళ ఇంకా భయంగా ఉంది. ఆ పాత రిపోర్టులకి నకలు తీసి పెట్టుకుందామంటే వేరే డిస్కు లేదు. అడిగినప్పుడల్లా పైవాళ్లు చూద్దామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

పాత భాగాన్ని వాడుతున్న ప్రోగ్రాములన్నీ ఆపింది. తప్పులేమైనా ఉన్నాయేమోనని మొదటినుంచి చివరిదాకా తనిఖీ చేయించింది. అప్పుడు లోపలివన్నీ ఒక పక్కకి సర్దుకోమని చెప్పే కమాండు కొట్టింది. చదివింది. మళ్లీ చదివింది. నొక్కింది.

స్క్రీన్ మీద ఒక వరస మొదలైంది. సర్దడం పూర్తవుతున్న కొద్దీ గీతల స్థానంలో ఒక్కొక్క ఇంటూ గుర్తు పడుతుంది. మధ్యలో ఆపకూడదు. ఆపితే వెనక్కీ ఉండదు, ముందుకీ ఉండదు.

జాగాలు సర్దడమే వృత్తి అయిన ఈ మనిషి, ఇంట్లో మాత్రం అక్క బీరువాలో ఒక్క అర కూడా తీసుకునేలా చేయలేకపోయింది. అక్క పెళ్లయిన మూడోనెలలోనే ఒక రేకు పెట్టెతో తిరిగి వచ్చింది. ఆయనకి అంతకుముందే ఒక సంసారం ఉందట. ఎవరైనా అడిగితే, "వాళ్లింట్లో ఆల్రెడీ ఒక ఆవిడ ఉన్నారండి, నేను అదనం" అని నవ్వించేది. చెల్లెలు వెంటనే బీరువాలో పై రెండు అరలూ ఖాళీ చేసింది. "నాలుగు రోజులు ఉండి పోయేదానికి బీరువా ఎందుకే" అంది అక్క. నాలుగు రోజులు అలా అలా జుట్టు నెరిసేదాకా సాగాయి. ఇప్పటికీ చీర కావాలంటే వంగి, మంచం కింది పెట్టె లాక్కుని, తీసుకుని, మళ్లీ లోపలికి తోస్తుంది. చెల్లెలికి సంబంధాలు రాలేదని కాదు. వచ్చినప్పుడు కుదరలేదు, కుదిరినప్పుడు మనసు రాలేదు. అక్క కుట్టుమిషన్ చప్పుడు లేని ఇంట్లో నిద్రపడుతుందా అని ఒకసారి అనిపించింది, అంతే. ఆ మాట అక్కతో ఎన్నడూ అనలేదు. అంటే, "నా మీద పెట్టకే తల్లీ ఆ పాపం" అని ఆ సాయంత్రమే పెట్టె పట్టుకుని బయల్దేరే రకం.

ఇంటూ గుర్తులు సగం దాటాయి. ఫోన్ మోగింది. ఈసారి వార్డులోని సిస్టర్.

"మేడం, అక్కగారు మిమ్మల్ని అడుగుతున్నారు."

ఆమె లేచి నిలబడింది. "నొప్పిగా ఉందంటోందా?"

"లేదు లేదు. ఊరికే. పని అయిందా అని అడగమన్నారు."

ఫోన్ చేతిలో పట్టుకుని స్క్రీన్ వంక చూసింది. మెట్లెక్కి వెళ్లి ఓసారి చూసి రావచ్చు. పక్కన మనిషి ఉన్నా లేకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది, ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ తాను పైన ఉండగా ఇది పూర్తయితే? కింద అంతా ఆగిపోయి ఉంటుంది. స్కాన్ ఆలస్యమవుతుంది, డాక్టరు సాయంత్రం వెళ్లిపోతాడు, మళ్లీ రేపు. పైకి వెళితే చెయ్యి పట్టుకోవడం తప్ప ఏం చేయగలదు? ఇక్కడైతే చేయగలిగేది ఉంది.

"ఇంకాసేపట్లో అయిపోతుందని చెప్పండి సిస్టర్. కిందికి తీసుకొచ్చేటప్పుడు నేను తోడుంటానని చెప్పండి."

కూర్చుంది. స్వెట్టర్ అంచు వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ఆ వరస నిండేదాకా కూర్చుంది.

నిండింది. తప్పేమీ లేదు. అప్పుడు గోడ జరిపింది. మిగిలిన చోటంతా స్కాన్ల భాగానికి కలిపి, దాన్ని ఆ మేరకు పెరగమంది. నిమిషంలో పెరిగింది. మొదటి కమాండు మళ్లీ కొట్టి చూసుకుంది. నూరు ఉన్నచోట సగం కనిపించింది. పాత రిపోర్టులు కొన్ని తెరిచి చూసింది. ఎవరివి వాళ్లకి ఉన్నాయి.

టెక్నీషియన్‌కి ఫోన్ చేసింది. "వచ్చింది బాబూ. మొదలుపెట్టు."

"మీరు చల్లగా ఉండాలి మేడం!"

"ఇక్కడ ఉన్నంత చల్లగా వద్దులే."

అవతల అతను నవ్వుతూనే ఎవరితోనో కేకేసి చెప్పడం వినిపించింది: "మూడో అంతస్తుకి వెళ్లి పెద్దావిడని తీసుకురా. చక్రాల కుర్చీ పట్టుకెళ్లు."

స్వెట్టర్ విప్పి కుర్చీకి తగిలించి, అద్దాలు పైటతో తుడుచుకుని మెట్లెక్కింది. లిఫ్టు కోసం నిలబడే ఓపిక లేదు. మూడో అంతస్తు చేరేసరికి ఆయాసం వచ్చింది. వరండా మలుపులో అటెండరు ఎదురొచ్చాడు. అతను తోసుకొస్తున్న చక్రాల కుర్చీలో ఎవరూ లేరు. ఆమెను చూసి ఆగిపోయాడు. కుర్చీని గోడవైపుకి తిప్పి దారి ఇచ్చాడు.

సిస్టర్ మంచం దగ్గర నిలబడి ఉంది. "నిద్రపోతున్నారనుకున్నాం మేడం. మీ మాట చెప్పగానే సరే అని అటు తిరిగి పడుకున్నారు. ఇప్పుడు లేపబోతే..."

అక్క గోడవైపు తిరిగి, ఒక పక్కకి ఒత్తిగిలి ఉంది. జడ చెదరలేదు. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకటే మంచం. అప్పటి అలవాటు ఎన్నేళ్లయినా పోలేదు. ఒంటరిగా పడుకున్నా పూర్తిగా అంచుకి జరిగే పడుకుంటుంది. ఆ ఇరుకు ఆసుపత్రి మంచంలో కూడా ఇంకొక మనిషి పట్టేంత చోటు వదిలిపెట్టి ఉంది. చెల్లెలు ఆ చోటులో కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"అయిపోయింది అక్కా పని" అంది.

డాక్టరు వచ్చాడు, వెళ్లాడు. సంతకాలు అడిగారు, పెట్టింది. బండి వచ్చేదాకా ఆగాలన్నారు. ఇంటి తాళాలు కింద సంచిలో ఉన్నాయని గుర్తొచ్చి మెట్లు దిగింది.

సర్వర్ల గదిలో చలి అలాగే ఉంది. స్క్రీన్ వెలుగుతోంది. సంచి భుజానికి వేసుకుని కూడా ఆమె కదల్లేదు. టెక్నీషియన్ పేషంటు పేరు కొట్టగానే ఆ పేరుతో ఒక ఫోల్డర్ ఏర్పడుతుంది. తీసిన బొమ్మలు వచ్చి అందులో చేరతాయి. అవి వస్తున్నాయి. ఎవరో పిల్లాడిది, ఎవరో పెద్దాయనది, ఎవరో బాలింతది. ఒకటి నిండుతుండగా దాని కింద ఇంకొకటి. ఉదయం గోడలకి ఆనుకుని నిలబడ్డవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి సర్దుకుంటున్నారు.

వరసలో అన్నిటికంటే పైన అక్క పేరుంది. తెరిచింది. లోపల ఏమీ లేదు.

పేషంటు రాని ఖాళీ ఫోల్డర్లు కనబడితే తీసేయడం ఆమె పని. వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి, కాసేపు ఉన్నాయి, వెనక్కి వచ్చాయి. లైటు ఆర్పి, తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

ఏమీ లేని ఫోల్డర్‌కి కూడా డిస్కు మీద కాస్త చోటు పడుతుంది. చీకటి గదిలో వెలుగుతున్న స్క్రీన్ మీద, పెరుగుతున్న వరసకి మొదట్లో, అక్క పేరుతో అది అలాగే ఉంది.