ఎడమ భుజం

పేపర్లవాళ్లకి పనీపాటా లేదు. ఆగస్టు నెలంతా మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి రాసుకున్నారు. కుర్రాడు ఫైక్ చిరుతపులట, ఓడమ్ ముసలి ఎద్దట. ఓడమ్ అంటే నేనే, స్నేహితులకి రెల్‌ని. ముప్పై ఏళ్లకే ముసలాణ్ణి అయిపోయాను. మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ చోటు ఒక్కటే మిగిలింది. అది పోతే నన్నింకే జట్టూ పిలవదు.

బంతి పట్టుకుని ఎవడైనా పరిగెడతాడు. మమ్మల్ని కోచ్‌లు పోల్చి చూసేది బంతి మా చేతిలో లేనప్పుడు. వెనకాల క్వార్టర్‌బ్యాక్ బంతి విసరబోతుంటాడు, వాణ్ణి నలిపెయ్యడానికి అవతలి జట్టునుంచి కొండంత లైన్‌బ్యాకర్ దూసుకొస్తాడు. మధ్యలో నిలబడి ఆ దెబ్బ మనం తినాలి. ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్ బదులు చెత్తడబ్బా పెడతారు. డబ్బా పడిందంటే మన పని అయిపోయినట్టే.

ఎంపికల ఆఖరి రోజు దూసుకొచ్చేవాడు బోయ్‌కో, నా ప్రాణస్నేహితుడు. ముందు ఫైక్ నిలబడ్డాడు. తీరా దెబ్బ తగిలే వేళకి కళ్లు మూసుకున్నాడు వెధవ. హెల్మెట్ ఎగిరిపోయింది, పెదవి చిట్లి గడ్డమంతా రక్తం. డబ్బా దొర్లుకుంటూ కంచె దాకా పోయింది.

"లే నాయనా, నిన్ను గుద్దిన బస్సు వెళ్లిపోయింది," అన్నాడు కోచ్ హాన్రటీ. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

తర్వాత నా వంతు. బోయ్‌కో ఎప్పుడూ ఎదుటివాడి ఎడమవైపే పడతాడు. ఊరందరికీ తెలుసు, అయినా ఆపడం ఎవడి వల్లా కాదు. ఆ పొద్దున నాకు జెర్సీ తొడిగింది కూడా వాడే. నా ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. డాక్టరుకి తెలిస్తే అటునుంచి అటే ఇంటికి పంపేస్తాడని, ఎవరికీ చెప్పనని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను.

ఈల మోగింది. వాడు వచ్చి నా కుడి భుజం మీద పడ్డాడు. అక్కడికక్కడే ఆపేశాను. కంచె అవతల జనం చప్పట్లు కొట్టారు. కోచ్ కొట్టలేదు.

"ఏరా బోయ్‌కో, అటెందుకు వెళ్లావ్?"

"ఊరికే, కోచ్."

"నువ్వు ఊరికే ఏదీ చెయ్యవు. మళ్లీ రా. ఈసారి ఎప్పుడూ వచ్చేవైపే."

నా ఒళ్లు మండిపోయింది. ఈ దద్దమ్మ నోటితో ఒక్క ముక్క చెప్పకుండా కాళ్లతో అంతా చెప్పేశాడు. వెళ్లి వాడి హెల్మెట్ ఊచలు పట్టుకుని గుంజాను.

"నిన్ను జాలిపడమని ఎవడడిగాడ్రా?"

"నీ భుజం విరుగుద్దిరా రెల్, నా మాట విను."

"విరిస్తే విరువు. లేకపోతే నీ మొహం నాకు చూపించకు."

కుడిచేత్తో డొక్కలో గుద్దాను. ఇంకోటి గుద్దాను. వాడు తిరిగి కొట్టడం లేదు, అదీ కోచ్ చూస్తూనే ఉన్నాడు. మూడోది గొంతు మీద పడేసరికి బోయ్‌కో కళ్లు మారాయి. నాకు కావలసింది అదే.

ఈసారి నిజంగా వచ్చాడు. ఎడమ భుజంలో ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. కళ్ల ముందు అంతా తెల్లగా అయిపోయింది. నోట్లో రక్తం. నా తల వాడి గడ్డం కింద దూర్చి, కాళ్లు నేలలో పాతి, మృగంలా అరుస్తూ తోశాను. ఇద్దరం కలిసి పక్కకి కూలాం. తలెత్తి చూస్తే డబ్బా నిలబడే ఉంది!

లేచాను. చెయ్యి వేలాడుతుంటే పొట్టకి అదుముకున్నాను. కోచ్ నా దగ్గరికొచ్చి నా ఎడమవైపుకి మెల్లగా ఓ బంతి విసిరాడు. పసిపిల్లాడైనా పట్టుకుంటాడు దాన్ని. చెయ్యి లేవలేదు. బంతి ఛాతీకి తగిలి కింద పడింది.

"ఆపాను కదా, కోచ్," అన్నాను.

"ఆపావు. ఆదివారం మ్యాచ్‌లో ఎవడు ఆపుతాడు?" అని, వెనక్కి తిరిగి ఫైక్‌ని పిలిచాడు.

వాడు రక్తం ఉమ్మేసి వచ్చి డబ్బా ముందు నిలబడ్డాడు. బోయ్‌కో ఏడుపు మొహంతో వెళ్లి తన చోట నిలుచున్నాడు. ఈల మోగింది. ఆ కుర్రాడి పళ్లు రాలాలని, వాడు పడి మళ్లీ లేవకూడదని మనసారా కోరుకున్నాను. బోయ్‌కో ఆ ఏడుపంతా కలిపి వాడి మీద విరుచుకుపడ్డాడు. ఫైక్ ఈసారి కళ్లు మూసుకోలేదు. పడలేదు కూడా.