మూడో ప్లేటు

ఆయన చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడిపిస్తున్నాను. నా వెనక అద్దం ముందు నిలబడి ఆయన వాళ్ళ పెద్దమ్మ చావును రిహార్సల్ చేసుకుంటున్నారు.

"మా పెద్దమ్మకు అప్పుడు నలభై దాటాయి. గర్భాశయ ముఖద్వారంలో మొదలైన క్యాన్సర్ కాలేయం దాకా పాకింది. దాన్ని పాకకుండా ఆపే దారి ఆనాడు లేదు. ఈనాడు మా ల్యాబ్‌లో..." ఆగారు. "ఇక్కడ గొంతు కాస్త తగ్గిస్తే ఎలా ఉంటుందంటావ్?"

"బాగుంటుంది" అన్నాను. భుజం దగ్గర ముడత పోవడం లేదు. నీళ్ళు చిలకరించాను.

ఇవాళ రివ్యూ కమిటీ వస్తోంది. వాళ్ళు సరేనంటే ఆయన ప్రాజెక్టు రెండో దశకు వెళుతుంది. ఆసుపత్రి నుంచి రోగుల కణితి ముక్కలు తెప్పించి, మా ఫలితాన్ని వాటిమీద పరీక్షిస్తారు. ఆయనకు విభాగాధిపతి కుర్చీ కూడా దాదాపు ఖాయమవుతుంది. ఆ ఫలితం తప్పని ఈ ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఒకరు గొంతు ఎక్కడ తగ్గించాలో చూసుకుంటున్నారు. ఇంకొకరు ఇస్త్రీ చేస్తున్నారు.

మేమిద్దరం ఒకే ఏడు, ఒకే చోట పరిశోధన పూర్తిచేశాం. ఉద్యోగం ఒక్కటే పడినప్పుడు ఎవరు దరఖాస్తు పెట్టాలన్నది మా ఇంట్లో చర్చకు కూడా రాలేదు. "నువ్వూ నా ల్యాబ్‌లోనే ఉంటావుగా, ఇద్దరం కలిసే కదా చేసేది" అన్నారు. ఆ మాటకు ఎంత మురిసిపోయానో! అప్పటినుంచి నాది ఏటేటా పొడిగించే తాత్కాలిక ఉద్యోగం. పొడిగించే సంతకం ఆయనది. ల్యాబ్‌లో పెంచే కణాలకు ఆదివారాలుండవు. వేళకు ఆహారం మార్చకపోతే చచ్చిపోతాయి. అందుకని ఇంట్లో పొయ్యి కట్టేసి ల్యాబ్‌కూ, ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ తలుపు వేసి ఇంటికీ పరుగెత్తేది నేనే. "మేడమ్‌గారూ, పిల్లలకు పాలు పట్టారా?" అని ఆయన నలుగురిలో హాస్యమాడతారు. నలుగురూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇంటికొచ్చిన చుట్టాలతో మా అత్తయ్య, "మా కోడలు వాడికి ల్యాబ్‌లో చేతిసాయం చేస్తుంది. నోట్లో నాలుక లేని పిల్ల" అని మెచ్చుకోలుగానే చెబుతుంది.

నేను చేసే పనిని చెప్పుకోవడం అంత కష్టమేమీ కాదు. క్యాన్సర్ కణాన్ని పుట్టినచోటు వదిలి పొమ్మని ఒక జన్యువు ఎగదోస్తోందని అనుమానం. నిజమో కాదో తేలాలంటే ఆ జన్యువును కొన్నాళ్ళు పనిచేయనివ్వకుండా చూడాలి. దానికి సరిగ్గా సరిపోయే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను కణంలోకి పంపితే, ఆ జన్యువు ఇచ్చే ఆదేశం అమలయ్యేలోపే తెగిపోతుంది. ఆ ముక్క తనంతట తాను లోపలికి పోలేదు. కొవ్వుతో చేసిన ద్రావణంలో చుట్టి పంపాలి. తర్వాత, ప్లేటు అడుగున పరుచుకున్న కణాల మీద సన్నని మొనతో ఒక గీత గీస్తాను. గీత పొడవునా కణాలు లేచిపోయి ఖాళీ ఏర్పడుతుంది. క్యాన్సర్ కణాలు ఊరుకునే రకం కాదు. అటునుంచీ ఇటునుంచీ పాక్కుంటూ వచ్చి ఒక్క రోజులో ఆ ఖాళీని పూడ్చేస్తాయి. జన్యువును ఆపిన ప్లేటులో ఖాళీ అలాగే మిగిలితే మా అనుమానం నిజమన్నమాట.

కాకపోతే మూడు ప్లేట్లు పెట్టాలి. మొదటిది ఏమీ చేయనిది. రెండోది జన్యువును ఆపినది. మూడోదానిలోకి ఏ జన్యువునూ తాకని ఉత్తుత్తి ముక్కను, అదే ద్రావణంలో చుట్టి పంపుతాం. మూడో ప్లేటులో గీత మామూలుగా పూడిపోవాలి. పూడలేదంటే కణాలను ఆపింది మనం జన్యువుకు చేసిన పని కాదు, ద్రావణం.

మొదటిసారి మూడు ప్లేట్లూ పూడిపోయాయి. ముక్క సరిగా లోపలికి పోలేదనుకుని, "ద్రావణం రెట్టింపు వెయ్యి" అన్నారాయన. కణాలు తట్టుకోలేవేమోనండీ అంటే, "ఇదేమన్నా కూరా, ఉప్పెక్కువైందని వంక పెట్టడానికి? వెయ్యి!" అన్నారు. వేశాను. రెండో ప్లేటులో గీత గీతలాగే ఉండిపోయింది. ఆయన మైక్రోస్కోపు ముందు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నేను ఆ ప్లేటు తీసి మూడోది పెట్టాను. అందులోనూ గీత గీతలాగే ఉంది. కణాలు గుండ్రంగా ముడుచుకున్నాయి. కొన్ని పట్టు వదిలేసి పైకి తేలుతున్నాయి. అవి ఆగిపోలేదు. చస్తున్నాయి.

"తక్కువ ద్రావణంతో మళ్ళీ చేద్దామండీ" అన్నాను ఆ సాయంత్రం కారులో.

"కమిటీ వచ్చే వారం. అంతలో అవుతుందా?"

"అయితే ఇంకా తేలలేదని చెబుదాం."

"చెబుదాం! ఎంత సులువుగా అనేశావ్! నిలబడి చెప్పేది నేను. తల దించుకునేది నేను." సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఆయన నావైపు తిరిగారు. గొంతు మెత్తబడింది. ఆయన కోపం నన్నెప్పుడూ అంత భయపెట్టలేదు, ఆ మెత్తదనమే భయం. "మూడో ప్లేటు చూసింది మనిద్దరమే కదా. మొగుడూ పెళ్ళాల మధ్య సంగతి బయటికెందుకు పోవాలి, చెప్పు?"

వారం నుంచీ ఆ మాటే నమిలి మింగలేకపోతున్నాను. ప్రయోగం పేపరుకెక్కేటప్పుడు నేను పెళ్ళాన్ని కాను, చివర కృతజ్ఞతల వరసలో ఒక పేరును. నలుగురిలో మేడమ్‌గారిని. తప్పు దాచాల్సి వచ్చేసరికి మొగుడూ పెళ్ళాలమయ్యాం. నోరు విప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. వచ్చే ఏడు సంతకం ఉండదు. ఈ ఇంట్లో ఈయన ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. ఈ ల్యాబ్ పోతే నన్ను ఇంకెవరు తీసుకుంటారు? విప్పకపోతే? తప్పుడు గీతను నమ్ముకుని ఇంకొందరు ఏళ్ళకేళ్ళు పనిచేస్తారు. ఆసుపత్రి మంచం మీద పడుకున్న ఆడవాళ్ళు, ఎవరికో పనికొస్తుందని తమ కణితి ముక్క ఇస్తామని ఒప్పుకుంటారు. ఆయన ముఖం వాళ్ళు చూడరు. నాదీ చూడరు.

చొక్కా హ్యాంగరుకు తగిలించి వంటింట్లోకి వచ్చాను. అత్తయ్య బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నా టీ కప్పు మీద సాసరు బోర్లించి ఉంది. అది ఆవిడ చేసిన పనే. అడగకుండా చేస్తుంది, చేశానని చెప్పదు.

"మళ్ళీ అక్క కథేనా?" అంది గది వైపు చూసి.

"అవునత్తయ్యా."

"చెప్పుకోనీ. వాడికేం తెలుసు, అప్పటికి పాలపళ్ళు కూడా ఊడలేదు." ఇంకో రెండు కాయల ఈనెలు తీసింది. "మంచంలో అటూ ఇటూ దొర్లి దొర్లి ఏడ్చేది. ఒకరోజు కదలడం మానేసింది. మూలుగు కూడా లేదు. హమ్మయ్య, నొప్పి తగ్గింది అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మీ మామయ్య వెళ్ళి డాక్టర్ని రావద్దని చెప్పొచ్చారు. ఒళ్ళు చల్లబడుతోంది, ఇది తగ్గడం కాదండీ అని నేనంటే, 'నువ్వేమన్నా డాక్టరువా?' అన్నారు. ఇంకేం మాట్లాడతాను?"

నేను సాసరు తీసి కప్పు చేతిలోకి తీసుకున్నాను.

"తాగమ్మాయ్, చల్లారిపోతోంది" అంది. ఆవిడ కళ్ళు కాయల మీదే ఉన్నాయి.

మీటింగు హాల్లో పెద్ద బల్ల చుట్టూ కమిటీవాళ్ళు. నా కుర్చీ గోడ పక్కన, లాప్‌టాప్ వైరు అందేంత దూరంలో. ఆయన వేలు ఎత్తినప్పుడు నేను మీట నొక్కుతాను, తెర మీద బొమ్మ మారుతుంది. ఎన్నో మీటింగుల్లో చేసిన పనే. పెద్దమ్మ దగ్గర గొంతు సరిగ్గా తగ్గింది. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వేలు లేచింది. తెర మీద రెండు ప్లేట్లు పక్కపక్కన వచ్చాయి. ఒకటి పూడినది, ఒకటి పూడనిది.

"ఉత్తుత్తి ముక్క పెట్టిన ప్లేటేదీ?" అధ్యక్షురాలు అడిగారు. నెరిసిన జుట్టు, నిదానమైన గొంతు. ఎవరినీ ఇరుకున పెట్టాలని అడిగినట్టు లేదు, కనబడలేదు కనక అడిగారు.

"పెట్టామండీ. మామూలుగా పూడిపోయింది. చోటు చాలక ఇక్కడ వెయ్యలేదు." ఆయన నవ్వుతూ నావైపు తిరిగారు. "అంతేగా మేడమ్‌గారూ?"

నన్ను అడగకపోయినా ఆయన పని జరిగిపోయేది. అయినా అడిగారు. తల ఊపుతానని అంత నమ్మకం. నిజానికి నా మెడ సగం దిగింది కూడా. ఇన్నేళ్ళ అలవాటు, నన్ను అడగకుండానే కదులుతుంది. సగంలో దాన్ని ఆపడానికి ఒంట్లో బలమంతా కావాల్సి వచ్చింది.

"పూడలేదండీ" అన్నాను.

ఎవరో పెన్ను కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "ఆవిడ వేరే ప్రయోగం సంగతి చెబుతున్నట్టుంది" అని ఆయన మళ్ళీ నవ్వారు. నావైపు చూసిన చూపులో నవ్వు లేదు. వేలు ఎత్తారు, తర్వాతి బొమ్మకు వెళ్ళమని. నేను లాప్‌టాప్‌లో ఇంకో ఫోల్డరు తెరిచాను. రెండుసార్లు తప్పు చోట నొక్కాను. మూడో ప్లేటు తెర నిండా పరుచుకుంది. పూడని గీత, అటూ ఇటూ ముడుచుకుపోయిన కణాలు.

అధ్యక్షురాలు తెరను చాలాసేపు చూశారు. తర్వాత కుర్చీ తిప్పి గోడ పక్కనున్న నన్ను చూశారు.

"మీరెవరమ్మా?"

"మా ఆవిడండీ" అన్నారాయన గబగబా. "ల్యాబ్‌లో నాకు సాయం చేస్తుంటుంది."

ఆవిడ ఆయన వైపు తిరగలేదు. నా జవాబు కోసమే ఆగారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ ప్రయోగం నాదండీ" అన్నాను. "అది ఫెయిలైంది."