బ్రేకు చంద్రప్ప

బ్రేకు ఆయిలు పోసి, డబ్బా మూత బిగించి, చంద్రప్ప డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీదున్న ఆ షెడ్డులో, బ్రేకు పని జరిగిన ప్రతి బండినీ చివర్లో తొక్కి చూసేది అతనే. రఘునాథ్ వాళ్ల నాయన షెడ్డు పెట్టినప్పటి నుంచీ అంతే. పెడలు ఎక్కడ పట్టిందో కాలితోనే చెప్పేవాడు. అందరూ బ్రేకు చంద్రప్ప అనేవారు.

రఘునాథ్ బండి లెక్కలు తెర మీద చూపించే స్కానరు పట్టుకుని కారు తలుపు దగ్గర నిలబడ్డాడు. బ్రేకులో కొత్త సెన్సరు వేశారు. ఎవరూ తొక్కనప్పుడు ఒత్తిడి సున్నా అని దానికి ఒకసారి నేర్పాలి. తప్పు నేర్చుకుంటే బండి ఆగడంలో తేడా వస్తుంది.

"కాలు తీయన్నా."

"తీసినా."

తెర మీద సున్నా రాలేదు.

"తీసినావా?"

"తీసినానంటే! నీ మిషన్నే లేపు. పొద్దున్నించీ నిద్రపోతాండాది."

వైర్లు చూశారు. బ్రేకు గొట్టాల్లోంచి మళ్లీ గాలి తీశారు. రాలేదు. కారు పెనుకొండ టీచరు శైలజది. ఆమె అవతలి కిటికీలోంచి తొంగిచూసి నవ్వింది.

"ఏమప్పా, తీసినా తీసినా అంటాండావు. కాలు పెడలు మీదనే ఉండాది కదా!"

"ఏమన్నా, నాతో ఆటలా?" అని రఘునాథ్ కూడా నవ్వాడు.

చంద్రప్ప కిందికి చూశాడు. కాలు పెడలు మీదే ఉంది. మోకాలి కింద రెండు చేతులూ పెట్టి, ఎత్తి, పక్కకు పెట్టుకున్నాడు. తెర మీద సున్నా వచ్చింది. అప్పుడు అతనూ నవ్వాడు.

షుగరుంది, కాలు చూపించుకో అని భార్య ఈరక్క ఉగాది నుంచీ చెబుతోంది. తిమ్మిరే కదా అన్నాడు. పోయిన నెల ధర్మవరం వ్యాను బ్రేకు తనే తొక్కి బాగుందన్నాడు. బ్రేకు సరిగా పట్టడం లేదని డ్రైవరు వెనక్కి తెచ్చాడు. "నీ కాలికే తెలీడంల్యా అబ్బా" అని చంద్రప్ప అతణ్ని అందరి ముందూ ఎగతాళి చేసి పంపాడు. ఆ డ్రైవరు మళ్లీ రాలేదు. వ్యాను ఇప్పుడెలా ఆగుతోందో చంద్రప్పకు తెలియదు.

"ఒక రౌండు ఏసుకోని రా అన్నా," బానెట్ దించుతూ అన్నాడు రఘునాథ్.

చంద్రప్ప దిగాడు. "నువ్వు పో."

"నువ్వు చూడకుండా ఏ బండి ఇచ్చినాం?"

"ఇంక నువ్వే చూసుకోవల్ల. ధర్మవరం వ్యాను పిలిపీ. అదీ నువ్వే తొక్కు. నాకు కాలు తెలీడంల్యా."

"రేపు మాట్లాడదాంలే."

"రేపు రాను."

చేతులు తుడుచుకుని, గుడ్డ కొక్కేనికి తగిలించి, బస్టాండు వైపు నడిచాడు. గేటు బయట కంకర ఎండకు కాలుతోంది. అతని నడక మారలేదు.

రఘునాథ్ సీట్లో కూర్చున్నాడు. పాదానికి ఏదో తగిలితే వంగి చూశాడు. బ్రేకు పెడలు కింద చంద్రప్ప కుడికాలి చెప్పు ఉంది. తెగిన పట్టీని రాగితీగతో కట్టారు. మడమ ఆనే చోట అరిగి చిల్లుపడి, కింది మ్యాటు కనబడుతోంది.