చెవి మిషనుతో చెరువు చుట్టూ

“డబ్బాల సంచి నువ్వే పట్టుకో. మేం నడుస్తాం, నువ్వు తగ్గుతావు” అన్నాడు మా ఆయన పార్కు గేటు దగ్గర. నవ్వాను. పెదాల వంక చూసి నవ్వెయ్యడం నాకు అలవాటు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది పోతూ ఉంది. మగ్గాల మిల్లులో పని మరి. ఆ మోతలో ఆడవాళ్లం సైగలతోనే కాపురాల కబుర్లన్నీ చెప్పేసుకుంటాం. ఇబ్బందల్లా ఇంట్లోనే. ఇంట్లో ఎవరూ సైగ చెయ్యరు, అరుస్తారు.

మా చిన్నది మాత్రం అరవదు. దాని గొంతే సన్నం. బడినుంచి వచ్చి ఏదో చెబుతుంది, నేను “ఆహా” అంటాను. ఓసారి “కింద పడ్డానమ్మా” అన్నా “ఆహా” అన్నానట. దానికోసమే నిన్న చెవి మిషను కొనుక్కున్నాను. ఎవరికీ చెప్పకుండా జుట్టు కింద దాచాను. మా ఆయన ఇన్నేళ్లూ నన్ను ఆటపట్టించాడు కదా, ఒక్కసారి నేనూ ఆటపట్టిద్దామని. చెరువు చుట్టూ తిరిగి బెంచీ మీద కూచున్నాక, పాప ఏదో గొణిగితే టక్కున జవాబు చెప్పి అందరినీ అదరగొట్టాలి. అదీ నా పన్నాగం.

చెరువు చుట్టూ దారి ఇరుకు. సంచితో నేను ముందు; మా ఆయన, అత్తగారు, చిన్నది ముగ్గురూ వెనక. అబ్బ, ఎన్ని చప్పుళ్లు! రెల్లు గడ్డి రాసుకోవడం, బాతు మునిగితే బుడుంగుమనడం. నా చెప్పులకి కూడా చప్పుడుందని ఇవాళే తెలిసింది.

అప్పుడు మా ఆయన మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఇది పాత ఆటే. నా వెనక ఆయన ఏదో అంటాడు, వాళ్లు పడీపడీ నవ్వుతారు, నేనూ తిరిగి చూసి నవ్వుతాను. సరసమనుకునేదాన్ని. చుట్టాల ముందు సిగ్గుపడేదాన్ని కూడా, నా మొహం మండ.

“ఈ మొద్దు కాలుజారి చెరువులో పడితే బాగుణ్ణు. అరిస్తే మనకీ చెవుడొచ్చిందనుకుందాం.”

“ఛ, ఊరుకోరా” అంది మా అత్తగారు నవ్వుతూనే. “జీతం నువ్వు తెస్తావా?”

అలవాటు కొద్దీ నా మొహం నవ్వేసింది, బాతుల వైపు. మిషను పీకి సంచిలో పడేద్దామని చెయ్యి జుట్టులోకి పోయింది. వినబడకపోతే ఇన్నాళ్లూ బాగానే బతికాను కదా. ఇంకా సగం దారి ఉంది, ఇంకా సగం జన్మ ఉంది, ఇవన్నీ వింటూ ఎలా నడవను?

“ఇప్పుడు నేను, ఇప్పుడు నేను!” అంది చిన్నది.

“కానీ, కానీ. వినబడి చస్తుందా దానికి!” అన్నాడు మా ఆయన.

నా ప్రాణమంతా చెవిలోకి వచ్చేసింది.

“అమ్మా, నువ్వు బడికి రాకు. నాకు సిగ్గేస్తుంది.”

అందులో నవ్వడానికేమీ లేదు. అయినా ఆయన పకపకా నవ్వాడు.

చెయ్యి జుట్టులోంచి తీసేశాను.

“వస్తానమ్మా” అన్నాను, వెనక్కి తిరక్కుండానే. “ఈసారి టీచరు చెప్పేది వినిపిస్తుంది కూడా.”

నవ్వు ఆగిపోతే ఎలా ఉంటుందో మొదటిసారి విన్నాను. వెనక్కి తిరిగి, జుట్టు పక్కకి తీసి చూపించాను. చిన్నది నోరు మూసుకుని వెక్కుతోంది. ఆ వెక్కు కూడా వినబడింది.

“జోకేనే బాబూ! జోకు కూడా తెలీదా?” అన్నాడు మా ఆయన, చెరువు వంక చూస్తూ.

మా అత్తగారు దగ్గరికొచ్చి, ఎన్నడూ లేంది నా భుజం మీద చెయ్యేసింది. “పోన్లే తల్లీ, మంచిపనే చేశావు. మిల్లుకెళ్లేటప్పుడు పెట్టుకో. ఇంటికొచ్చాక తీసి పక్కన పెట్టెయ్. ఇంట్లో వినేదేముంటుంది?”

“మిల్లులో మోత తప్ప ఏముందత్తయ్యా?” అన్నాను. “ఇంట్లో వినాలనే కొనుక్కున్నా. ఇక తియ్యను.”