కట్టు విప్పాక కనిపించే మబ్బు

ఫోను మోగేసరికి కొత్తకోడలి రెండు చేతుల్లోనూ తడి దుప్పటి ఉంది. ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస అత్తగారి దగ్గరుంది. ఇద్దరూ మేడమీద నిలబడి దాన్ని మెలితిప్పి పిండుతున్నారు. పట్టు వదిలేస్తే పడ్డ శ్రమంతా వృథా అని అత్తగారి బాధ. అందుకని ఆవిడే తన కొసని చంకలో ఇరికించుకుని, కోడలి నడుం దగ్గర దోపుకున్న ఫోను లాగి ఆమె చెవికి ఆనించారు.

"మాట్లాడు. మెలి మాత్రం వదలకు."

అవతల కంటి ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ. ఆసుపత్రి పెట్టిన పోటీకి వచ్చిన ఇరవై ఆరు బొమ్మల్లో కొత్తకోడలు కంప్యూటర్లో చేసిన కొండలూ చెరువూ ఉన్న బొమ్మని ఎంచుకున్నారట. శుక్లాలు తీసిన కళ్ళకి కట్టు విప్పే గది ఒకటుంది. అందులో కుర్చీకి ఎదురుగా ఉన్న గోడ నిండా, పన్నెండడుగుల వెడల్పున దాన్ని అతికిస్తారట. ముందు చిన్నది అచ్చువేయించి నాలుగు రోజులు అక్కడ ఉంచి చూస్తామని చెప్పింది.

కొత్తకోడలు మెలి వదిలేసింది. దుప్పట్లోని నీళ్ళు అత్తగారి పాదాల మీద జలజలా కారాయి. ఆవిడ కాళ్ళవైపు చూసుకుని, కోడలి మొహంవైపు చూసి, "ఇంతకీ పిండాలా, గంతులెయ్యాలా?" అని అడిగారు. గంతులే వేశారు. ఆవిడ మోకాళ్ళు సహకరించక, ఉన్నచోటే నిలబడి చెప్పులు టపటపలాడించారు.

ఆ సంతోషానికి కారణం ఉంది. కొత్తకోడలు ఇన్నాళ్ళూ ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళకి ప్రకటనల బొమ్మలు చేసేది. ఇంకా పునాది కూడా పడని ఇంటి ముందు పచ్చిక మొలిపించడం, లేని చెట్లకి నీడ పరచడం ఆమె పని. ఎవరో చెప్పిన చోట చెట్టు, ఎవరో అడిగిన రంగులో గోడ. ఎవరూ అడక్కుండా, తన ఇష్టప్రకారం చేసుకున్న మొదటి బొమ్మ ఇదే. అది గోడెక్కకపోతే మళ్ళీ రేపట్నుంచి ఒకరి పచ్చికకే నీళ్ళు పోయాలి.

పెళ్ళయి మూడు నెలలైంది. మొగుణ్ణి ఆమె మనసులో ఇంకా పెళ్ళికొడుకనే పిలుచుకుంటోంది. అత్తగారి ఎదుట అతన్ని "మీరు" అంటుంది, గదిలోకెళ్ళి తలుపు వేశాక "నువ్వు" అంటుంది, వరండాలో ఎదురుపడితే ఏమనాలో తోచక నవ్వేసి ఊరుకుంటుంది. అతని చొక్కా పక్కన తన చొక్కా ఒకే తీగమీద ఆరుతుంటే చూడ్డానికి రోజుకి రెండుసార్లు మేడెక్కుతుంది. అతను నూట ఎనభై అడుగుల ఎత్తున క్రేన్ నడుపుతాడు. పొద్దున్న ఏడింటికి నిచ్చెనెక్కితే మధ్యాహ్నం భోజనానికే కిందికి దిగడం. కింద పనిచేసేవాళ్ళు అతన్ని పైవాడు అంటారు. పలుగు ఎక్కడైనా పారేసి కూర్చుంటే, పైవాడు చూస్తున్నాడు జాగ్రత్త అని ఒకరినొకరు బెదిరించుకుంటారు.

మూడో రోజున డాక్టరమ్మ మళ్ళీ ఫోన్ చేసి, ఒకసారి వచ్చి కళ్ళారా చూసి వెళ్ళమంది.

కొత్తకోడలు వెళ్ళేసరికి కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. కుట్టు మిషను మీద పెట్టుకున్నట్టే చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నర్సమ్మ కట్టు విప్పింది. ఆయన రెప్పలు టపటపలాడించి, ఎదురుగా ఉన్న బొమ్మని చూశాడు. కొండ చూశాడు, చెరువు చూశాడు, తల ఊపాడు. పైకి చూడగానే మొహం మారిపోయింది. కన్ను ఒకసారి మూసి తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"అమ్మా, ఇంకా తేడాగానే ఉంది. కొండమీద ఎండ పైనుంచి పడుతోంది, మబ్బుకి మాత్రం కిందనుంచి కొడుతోంది. నా కన్ను బాగుపడలేదు కదూ?"

నర్సమ్మ ఆయన భుజం పట్టుకుని, కన్ను దివ్యంగా ఉంది తాతా, అది కంప్యూటర్ బొమ్మ అని నచ్చజెప్పింది. ఆయనకి నమ్మకం కుదరలేదు. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి బయట స్తంభమ్మీద అంకెలు చదివిస్తేగానీ ఆమె చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ కొత్తకోడల్ని పక్కకి పిలిచి, తప్పు పట్టకుండానే చెప్పింది. ఇక్కడ కూర్చున్నవాళ్ళు బొమ్మ బాగుందా అని చూడరు, తమ కన్ను బాగుందా అని చూస్తారు. బొమ్మలో అబద్ధం ఉంటే ఆ నేరం తమ కంటిమీద వేసుకుంటారు. వారం గడువిస్తాను, ఆకాశం సరిచేసి తీసుకురా, కుదరకపోతే రెండో స్థానంలో ఉన్న పూలతోట పెట్టేస్తాం అంది.

ఆ మాటలకంటే తాత నర్సమ్మ చెయ్యి వదలకపోవడమే కొత్తకోడలికి దారి పొడుగునా గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. అందులో మబ్బు చేయడమంటే ఒక పెద్ద పెట్టె నిండా పొగమంచు నింపి, ఎక్కడ చిక్కగా ఉండాలో ఎక్కడ పలచగా ఉండాలో అంకెలతో చెప్పడం. వెలుతురు ఆ మంచులోకి ఎంత లోతుకి దిగాలో, దిగినది ఎటు చెదరాలో, అదీ అంకెలే. ఒక్కో అంకె మార్చినప్పుడల్లా కంప్యూటరు ముప్పావుగంట గుర్రుమని బొమ్మ చూపిస్తుంది. రెండు రోజులు మార్చింది. మబ్బు చిక్కనైంది, పలచనైంది, ఒకసారి కాలీఫ్లవర్ కూడా అయింది. నిజం మాత్రం కాలేదు.

ఆమెకి అర్థంకానిది ఒకటే. ఈ మబ్బుల్ని ఆమె కల్పించలేదు. ఎదురుగా ఫొటో పెట్టుకుని, అంచు అంచునీ కొలిచి, రంగు రంగునీ సరిపోల్చి చేసింది. ఆ ఫొటో వాళ్ళ పెళ్ళి ఆల్బమ్‌లోని ఏడో పేజీ. ఇద్దరూ నిలబడి నవ్వుతుంటే వెనక పసిడి అంచుల మబ్బులు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చూపొచ్చిన ప్రతి మనిషీ మొట్టమొదట తన పెళ్ళిరోజు ఆకాశాన్నే చూస్తాడనుకుని లోలోపల మురిసిపోయింది, అంతే.

సాయంత్రం పెళ్ళికొడుకు వచ్చి, మొహం తుడుచుకుంటూ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. బొమ్మలో కొండలూ చెరువూ చూసి మెచ్చుకున్నాడు. మబ్బుల దగ్గర ఆగాడు.

"ఇవి ఎక్కడ చూశావు?"

ఇక దాచలేక ఆల్బమ్ తెరిచి చూపించింది. అతను ఫొటోని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు.

"ఆ రోజు మబ్బుల్లేవు."

కొత్తకోడలు ఆల్బమ్ లాక్కుంది. మూడు నెలల్లో మొదటి తగాదా మబ్బు దగ్గర వచ్చింది. పెళ్ళిరోజే గుర్తులేని మనిషితో నేనేం మాట్లాడను అంది. మబ్బుల్లేకపోతే ఫొటోలో ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయంది. అతను గొంతు పెంచలేదు.

"రోజంతా ఆకాశంలో కూర్చునేవాణ్ణి, ఆ రోజు మాత్రం చూడకుండా ఉంటానా? పొద్దున్నుంచీ గాలి లేదు. ఆకాశమంతా తెల్లగా, కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. నీ జడలోంచి ఒక పిన్ను ఊడి నా చెప్పులో పడింది. ఫొటో తీస్తున్నంతసేపూ అది గుచ్చుకుంటూనే ఉంది. మరి నీకేం గుర్తుంది, చెప్పు."

కొత్తకోడలు ఆలోచించింది. అతని చెవి వెనక పుట్టుమచ్చ గుర్తుంది. తన అరచేతుల చెమట గుర్తుంది. ఆకాశం మాత్రం, ఎంత తవ్వినా, ఏడో పేజీలోదే వస్తోంది.

ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేసింది. ఆయన ఏ దాపరికమూ లేకుండా చెప్పేశాడు.

"అదా మేడం, మీ రోజున ఆకాశం ఖాళీ. ఫొటో చచ్చిపోతుందని నా దగ్గరున్న మంచి సాయంత్రం ఒకటి తెచ్చి వేశాను. అందరికీ అదే వేస్తా, ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. మీకైతే అటుదిటు తిప్పి వేశాను, పెద్ద మబ్బు సార్ తలమీద కిరీటంలా వస్తుందని."

ఫోను పెట్టేసి కొత్తకోడలు ముందు నవ్వింది. ఎవరిదో సాయంత్రం, అదీ తిరగేసిన సాయంత్రం, తన మిట్టమధ్యాహ్నపు కొండమీద వేలాడుతోంది. వాలిన పొద్దు కాబట్టే ఆ మబ్బులకి కిందనుంచి ఎండ. దర్జీ తాత కన్ను ఒక్క చూపులో పట్టింది, తను నెలరోజులు చూసీ పట్టలేకపోయింది. తరవాత కళ్ళు చెమర్చాయి. పెళ్ళికొడుకు కంగారుపడి, కిరీటం మాత్రం నాకు బాగానే ఉందిలే అన్నాడు. ఆ ఏడుపులోనే మళ్ళీ నవ్వొచ్చింది.

అసలు తను ఆకాశాన్ని ఎప్పుడు చూసిందని? చొక్కాలు ఆరేయడానికి మేడెక్కినప్పుడు వానొస్తుందా రాదా అని చూసింది. అంతకు మించి ఒక్క మబ్బునైనా పది నిమిషాలు చూసిన గుర్తులేదు. బొమ్మలోని ఆకాశం మొత్తం చెరిపేసింది. కొండలమీద బూడిదరంగు ఖాళీ మిగిలింది.

మర్నాడు ఆదివారం. పదకొండింటికి ఇద్దరూ మేడమీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్నారు. అత్తగారు వడియాల్లా ఎండుతున్న ఇద్దర్నీ చూసి, పక్క మేడవాళ్ళు ఏమనుకుంటారని అడిగారు. ఉద్యోగం చేస్తున్నాం అత్తయ్యా అంది కోడలు.

"అలాంటిది నాకూ ఒకటి చూడవే, నడుం నొప్పిగా ఉంది," అని ఆవిడ దిండు తెచ్చుకుని పక్కన చేరారు.

పెళ్ళికొడుకు తనకి తెలిసినదంతా చెప్పాడు. ఈ వేళప్పుడు వచ్చే మబ్బులన్నిటికీ అడుగు చదునుగా ఉంటుంది, అన్నీ ఒకే ఎత్తులో, కనపడని గాజుబల్లమీద పెట్టినట్టు. నడినెత్తిన ఉన్నవాటికి అడుగే కనిపిస్తుంది, దూరంగా ఉన్నవాటికి పక్కలు కనిపిస్తాయి. క్రేన్ గదిలోంచి అతను మబ్బుని కాక దాని నీడనే చూస్తాడట. సిమెంటు షెడ్డు నుంచి గేటు దాకా నీడ ఎన్ని అంకెల్లో పాకిందో లెక్కపెట్టి, పైన గాలి జోరెంతో తెలుసుకుంటాడట.

బొమ్మలో తను కొండలమీద ఒక్క మబ్బు నీడైనా వేయలేదని కొత్తకోడలికి అప్పుడు తట్టింది.

నోటుపుస్తకం పొట్టమీద పెట్టుకుని ఒక చిన్న మబ్బుని పట్టుకుంది. చెప్పుకోడానికి ఏ ఆకారమూ లేని మబ్బు. దాని కుడి అంచు ఉడుకుతున్న పాలలా పొంగుతోంది. ఎడమ అంచు చిరిగి, దారాలై, నీలంలో కలిసిపోతోంది. పన్నెండు నిమిషాలు తిరిగేసరికి మొదట చూసినదాంట్లో ఒక్క ముక్కా మిగల్లేదు. అయినా మబ్బు అక్కడే ఉంది. తను ఇన్నాళ్ళూ దాన్ని బండరాయిలా చెక్కబోయిందని అనిపించి, కాసేపు రాయడం మానేసి ఊరికే చూసింది. పక్కన పెళ్ళికొడుకు చిటికెనవేలు తన చిటికెనవేలికి తగులుతోంది. అటుపక్క అత్తగారు గురక పెడుతున్నారు.

మూడు రోజులు పట్టింది. మబ్బుల అడుగులన్నీ ఒకే ఎత్తుకి కోసింది. ఎండ కొండకి ఎటుపడితే మబ్బుకీ అటే పడేలా చేసింది. ప్రతి మబ్బుకీ ఒక అంచు చిక్కగా, ఒక అంచు చిరిగినట్టు ఉంచింది. చెరువు గట్టుమీద ఒక నీడని, కొండ నడుంమీద ఇంకో నీడని పరిచింది. పసిడి రంగు ఎక్కడా లేదు. ఏడో పేజీ పక్కన పెడితే ఎవరికైనా ఏడో పేజీయే నచ్చుతుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

గురువారం పొద్దున్న డాక్టరమ్మ కొత్త అచ్చుని గోడకి ఆనించి, కుర్చీలో తనే కూర్చుంది. కొండ దగ్గర్నుంచి మబ్బులదాకా చూసుకుంటూ వచ్చింది. తరవాత వేలు పెట్టి చూపించింది.

"ఈ మబ్బు ఎటు పోతోంది?"

"కుడివైపుకండీ. ఎడమ పక్కనుంచి కరిగిపోతూ పోతోంది. ఇంకో పావుగంటకి ఆ చెట్లమీదకి నీడ వస్తుంది."

కొత్తకోడలు తడుముకోకుండా చెప్పింది. చెప్పేశాక తన జవాబుకి తనే ఆశ్చర్యపోయింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నర్సమ్మని పిలిచి, గోడకి బొమ్మ అంటించేవాళ్ళని మర్నాడు పొద్దున్న ఆరింటికల్లా రమ్మంది. తొమ్మిదింటికి మొదటి కట్టు విప్పుతామని, అప్పుడు గదిలో ఉండమని కొత్తకోడలికి చెప్పింది. "బొమ్మని చూడకు. కుర్చీలో మనిషి మొహం చూడు," అంది.

ఇంటికి చేరేసరికి పెళ్ళికొడుకుకి భోజనం వేళ. ఫోన్ చేసి సంగతంతా ఒకే ఊపున చెప్పేసింది. అత్తగారు ఫోను అందుకున్నారు.

"ఒరేయ్, మీ మేస్త్రీతో ఇప్పుడే చెప్పేసెయ్. రేపు మధ్యాహ్నందాకా క్రేన్ ఎక్కవు. ముగ్గురం ఐదున్నర బస్సుకి వెళ్తున్నాం. గోడకి అంటిస్తున్నప్పట్నుంచీ అక్కడే ఉండి, తొమ్మిదింటికి ఆ మొదటి మనిషి కళ్ళు తెరిచాకే తిరిగి రావడం."