ఘటసర్పం మీద జోసఫిన్ గారు

మొదటిసారి ఒక ప్రచురణ సంస్థ పుస్తకం అట్ట వెయ్యమని అడిగిన రోజు ప్రిస్సిల్లా ఆఫీసు పార్కింగ్ లాట్‌లోనే గెంతులేసింది. అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు ఆమె. వారమంతా ఉద్యోగం, శని ఆదివారాలు నూనె రంగులతో రెక్కల గుర్రాలూ మంత్రాల కోటలూ. పదేళ్లకి ఇదిగో, డ్రాగన్ మీద స్వారీ చేసే రాణి బొమ్మ కావాలన్నారు. రాణికి పాతికేళ్లు మించకూడదని ఆర్ట్ డైరెక్టర్ షరతు.

మూడు చిత్తుబొమ్మలు పంపితే మూడూ తిరిగొచ్చాయి. "చక్కగా ఉన్నాయి గానీ ప్రాణం లేదు" అన్నాడాయన. అప్పటిదాకా రెండు పేజీల సారాంశమే చూసిన ప్రిస్సిల్లా, పట్టుబట్టి నవలంతా తెప్పించుకుని చదివింది. తీరా చూస్తే రాణికి అరవై మూడేళ్లు! మోకాళ్ల నొప్పులు కూడానూ.

తలెత్తేసరికి ఎదురుగా అత్తగారు. నరసాపురంలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, ఆర్నెల్లకని వచ్చిన జోసఫిన్ గారు సోఫాలో నిటారుగా కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఆ మెడ, ఆ చూపు! ప్రిస్సిల్లా నవల పక్కన పడేసింది.

"అత్తయ్యా, నాకు మోడల్‌గా కూర్చుంటారా? డ్రాగన్ మీద."

"డ్రాగనంటే?"

"అదే... ఘటసర్పం."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ జారిపోయింది. "బైబిల్లో ఘటసర్పమంటే సాతాను కదమ్మా! ముప్ఫయ్యేళ్లు సండే స్కూల్ చెప్పినదాన్ని, దాన్నెక్కి ఊరేగనా?"

"ఊరేగడం కాదత్తయ్యా, లొంగదీయడం."

జోసఫిన్ గారు చిక్కుడుకాయలు పక్కన పెట్టారు. "లొంగదీయడమైతే సరే. కళ్లెం ఏదీ?"

కళ్లేనికి మొగుడు జూడ్ బెల్టు దొరికింది. సోఫా చేతి మీద మూడు దిండ్లు, ఆవిడ భుజాలకి కర్టెను, చేతిలో మాప్ కర్ర. సాయంత్రం జూడ్ తలుపు తీసేసరికి కన్నతల్లి "హేయ్!" అని సోఫాని అదిలిస్తోంది.

"అమ్మా, బీపీ టాబ్లెట్ వేసుకున్నావా?"

"వేసుకున్నాలే. అడ్డం తప్పుకో, వెలుతురు పోతోంది."

మూడు వారాలు పట్టింది. నెరిసిన జుట్టు, ముడతలు, గర్వం ఏదీ దాచకుండా వేసి, వాళ్లడిగింది ఇది కాదని తెలిసే, ప్రిస్సిల్లా కళ్లు మూసుకుని పంపేసింది. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఫోన్ చేసింది ఆర్ట్ డైరెక్టర్ కాదు, నవల రాసినావిడ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నా రాణి ముసలిదని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. ఒక్కరు వినలేదు. నువ్వు విన్నావు! ఇదే వెయ్యాలని చెప్పేశాను, ఒప్పుకున్నారు."

పుస్తకం వచ్చిన శనివారం ముగ్గురూ పుస్తకాల షాపుకెళ్లారు. గుమ్మం ఎదురుగా బల్ల మీద నలభై కాపీలు, నలభై మంది జోసఫిన్ గార్లు. చర్చికి కట్టే పట్టుచీరలో ఆవిడ ఒక కాపీ తీసి, అద్దాలు సర్దుకుని పరిశీలనగా చూశారు.

"ముక్కు కాస్త పెద్దదేశావమ్మాయ్" అని, పక్కనున్న అపరిచితుడి వైపు తిరిగి, అట్ట ముఖం పక్కన పెట్టుకుని, "దిస్ ఈజ్ మీ!" అన్నారు.

అతను చూశాడు, అరిచాడు, నలుగుర్ని పిలిచాడు. క్షణాల్లో వరస కట్టేశారు. జోసఫిన్ గారు పెన్ను అడిగి తీసుకుని, పరీక్ష పేపర్లు దిద్దినంత శ్రద్ధగా, గుండ్రటి తెలుగులో సంతకాలు మొదలెట్టారు. పుస్తకాల అరల మధ్య ప్రిస్సిల్లా నవ్వాపుకోలేక కార్పెట్ మీద చతికిలబడిపోయింది.