వెనక్కి చూసే బొమ్మ

టీ వాసన పట్టేస్తాడేమో, పట్టనీ, పట్టాలనే కదా పూసింది, కొనడానికొచ్చిన తెల్లాయన వంగి బొమ్మల పటం అంచును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఏసీ గాలికి గుడ్డ చివర కదులుతోంది, హయాత్ బాషా నవ్వు మాత్రం కదలడం లేదు, అబుదాబిలో ఈ పాతసామాన్ల దుకాణం తెరిచిన రోజు అతికించుకున్న నవ్వు అది, బల్ల మీద రెండు పటాలున్నాయి, ఒకటి నేను ముసఫ్ఫాలో గ్యారేజీ వెనక రేకుల షెడ్డులో వేసింది, పగలు లారీ తలుపుల మీద కంపెనీ పేర్లు రాసి, సెలవు రోజున పాత గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి బొమ్మలు దించి, పైన సులేమానీ టీ పూసి, పొగబెట్టి, నిరుడు పుట్టినదానికి ముత్తాత వయసు తెచ్చాను, రెండోది నిజంగానే పాతది, తరతరాలుగా పటాలు వేసే మా ఇంట్లోనే పుట్టి, కథలు చెప్పేవాళ్ళ భుజాన ఊరూరూ తిరిగి, పాతబడ్డాక మళ్ళీ మా ఇంటికే చేరినది, బాషాకు ఆ సంగతి తెలియదు, హైదరాబాదులో కొన్నానని, చిరుగులు అతికించమని పోయిన వారం నా చేతిలో పెట్టాడు, విప్పాను, కుండలెత్తుకున్న ఆడవాళ్ళ వరుస, వరుసలో ఆఖరామె మెడ తిప్పి వెనక్కి చూస్తోంది, నా చేతులు అక్కడే ఆగిపోయాయి.

అది ఐలవ్వ వేసింది, నా భార్య, ఇప్పుడు లేదు, ఎలుకలు కొట్టిన ఆ గడిని కొత్త గుడ్డ వేసి ఆమే నింపింది, మా అన్న వెంకట్రాములు తమ్ముడి భార్యతో ఎదురుగా మాట్లాడడు, ఆమె వినేలా నాతో అన్నాడు, నీ పెండ్లానికి చెప్పురా, పటంల ఆడోళ్ళందరు ఒక్క దిక్కే చూడాలె, ఇది ఎనుకకు చూసుడేంది, ఎవడన్న ఈల కొట్టిండా, ఆమె రంగు నూరే రాయి ఆపలేదు, గోడకు చెప్పినట్టు చెప్పింది, బొమ్మయితే చూడదు, మనిషాయె, ఎనుక అచ్చేటోళ్ళు అస్తున్నరో లేదో చూసుకోదా, నేను ఇక్కడుండగానే జ్వరంతో పోయింది, నేను చేరేసరికి బూడిద కూడా లేదు, పటమేది అని అన్ననడిగితే గోదారిల కలిపిన అన్నాడు, పసుపు కుంకుమ పెట్టి సాగనంపిన అన్నాడు, మా దగ్గర అంతే, పాతబడిన పటానికి మనిషికి చేసినట్టే చేసి నీళ్ళలో వదులుతారు, నమ్మాను, వాడి గోదారి హైదరాబాదు బజారులో పారుతుందని నాకేం తెలుసు, వాడు చచ్చినా నేను పోను, నీళ్ళు కూడా వదలను.

ఇది నాకియ్యి సేఠ్ అని అడగకపోలేదు, బాషా పొట్ట పట్టుకుని నవ్వాడు, అరే పర్శరాం, అసల్ మాల్ ఇది, నిన్ను, నీ లారీని, నీకు వీసా ఇచ్చిన కఫీల్‌ని కలిపి అమ్మినా రాదు, ఆ మాటే నాకు దారి చూపించింది, అసలుది నేను కొనలేను, నకిలీదని తెలిస్తే ఎవడూ కొనడు, అయితే దీన్ని నకిలీ చెయ్యాలి, కొత్తవాటిని పాతవిగా చేసిన చేతికి ఇదొక లెక్కా, వెనకవైపు టీ పూశాను, అంచు పువ్వు మీద లారీ ఎరుపు చుక్క పెట్టాను, ఆమె గడి జోలికి మాత్రం పోలేదు, ఇప్పుడు తెల్లాయన ఆ చుక్కను గోటితో గీకుతున్నాడు, గీకి నవ్వాడు, బాషాతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు, బాషా నా వైపు తిరిగి గొప్పగా చెప్పాడు, సాబ్ అంటుండు, ఎవడో గాడిద మరమ్మతు చేసిండట, టీ కూడా పూసిండట, ఐనా లోపల గుడ్డ పాతదే, ఫికర్ లేదు, నా పనితనమంతా ఒక్క నవ్వుతో పోయింది, రేపో మాపో ఆమె విమానమెక్కి పోతుంది, ఎవడి గోడ మీదనో వేలాడుతుంది.

తెల్లాయన భూతద్దం తీశాడు, ఆడవాళ్ళ వరుస మీద మెల్లగా జరిపాడు, ఆఖరామె దగ్గర ఆగాడు, వెనక్కి పోయాడు, మళ్ళీ వచ్చాడు, నా పటం కూడా దగ్గరికి లాక్కుని రెండూ పక్కపక్కన పెట్టాడు, బాషా నవ్వు మొదటిసారి కదిలింది, పర్శరాం, సాబ్ అడుగుతుండు, మీ దిక్కు పటాలల్ల ఆడోళ్ళు ఎనుకకు చూస్తరా, అబద్ధం వెతకబోయాను, అక్కర్లేదని తెలిసింది, ఇన్నేళ్ళలో ఈ దుకాణంలో నేను చెప్పిన మొదటి నిజం అది, చూడరు సేఠ్, మా తాతల నాటి సంది ఏ పటంల చూడలే, తెల్లాయన తల ఊపాడు, తానూ ఎక్కడా చూడలేదట, చేసినవాడెవడో పద్ధతి తెలియనివాడట, పాత గుడ్డ మీద వేసిన నకిలీ అట, ఆమెను పక్కకు తోశాడు, నాది కొని చుట్టించుకుని పోయాడు, అన్నీ పద్ధతి ప్రకారం ఉన్నాయట నాదాంట్లో, ఆయన వెనక తలుపు మూసుకోగానే బాషా గయ్యిమని లేచాడు, మన్హూస్, ఖలాస్, ఈ పీడ నా కండ్ల ముందర వద్దు, తీస్కపో, లారీలు తుడుచుకో, షుక్రియా సేఠ్ అన్నాను, గట్టిగానే అన్నాను.

బయట ఎండ మొహం మీద కొట్టింది, కొట్టనీ, ముసఫ్ఫా బస్సులో కిటికీ పక్క సీటు, మోకాళ్ళ మీద పటం, ఏంది భాయ్, చాపనా, అని పక్కవాడు అడిగాడు, కాదు, మా ఇంటామె అన్నాను, వాడు జరిగి కూర్చున్నాడు, నవ్వొచ్చింది, ఎన్నేళ్ళకో, ఆమెను విడిపించింది నా టీ కాదు, నా లారీ రంగు కాదు, తనే విడిపించుకుంది, అన్న తప్పన్నది, తెల్లాయన తప్పన్నది ఒక్కటే, ఆ తప్పే ఆమెను నాకిచ్చింది, మా అయ్య మా తాతను చూసి దించాడు, తాత వాళ్ళయ్యను చూసి దించాడు, అన్న, నేను అందరినీ దించాం, వరుస తప్పకుండా, మెడ తిప్పకుండా, టీ పూసినా పూయకపోయినా మావన్నీ నకళ్ళే, ఇంత వంశంలో ఎవరినీ చూసి దించకుండా వేసిన మనిషి ఒక్కతే, అసలుది ఆమె.